గేటు మీద దిష్టిబొమ్మ

యర్రయ్య కట్టే ఇంటి ముందు బోర్డు ఎప్పుడూ ఉండేది కాదు. దిష్టిబొమ్మ ఉండేది.

గోడలు నడుమెత్తుకు లేవగానే బొమ్మ ఎక్కేది. గోనెసంచి ఒళ్లు, లోపల కొబ్బరిపీచు, యర్రయ్య తొడిగి విడిచిన ఖాకీ నిక్కరు, తలకాయగా నారింజరంగు వలబెండు. ఎక్కడో బర్మా వైపు పడవల వలల నుంచి తెగి, సముద్రం మీద కొట్టుకొచ్చి, ఒడ్డున ఇసుకలో దొరికిన ప్లాస్టిక్ బెండు అది. ఇల్లు మారినప్పుడల్లా ఒళ్లు మారేది, తల మాత్రం అదే. గృహప్రవేశం నాడు ఇంకా వెలుగు రాకముందే, ఇంటివాళ్లు చేరకముందే, యర్రయ్య భార్య ఎరుకమ్మ వచ్చి బొమ్మను దింపేది. ఒంటిని ఒడ్డుకు పట్టుకెళ్లి తగలబెట్టేది. తలను చీరచెంగుతో తుడిచి ఇంటికి తెచ్చుకునేది, రేపటి ఇంటికోసం.

అందరి దిష్టిబొమ్మలూ కోరలు చూపించి భయపెడతాయి. ఎరుకమ్మ బొమ్మ అలా కాదు. ఒక చెయ్యి నడుమ్మీద, మూతి ఒక పక్కకి. ఎవరో అన్న మాట నచ్చక అక్కడే నిలబడిపోయినట్టుంటుంది.

"అది దిష్టిబొమ్మ కాదర్రా, మా మేస్త్రి బొమ్మ," అని తాపీపని అసిరయ్య నవ్వేవాడు. "మాలులో సిమెంటు తగ్గిందనుకో, అచ్చం ఇదే మూతి."

గారచర్మ వైపు బస్సులో వెళ్లేవాళ్లు కొండవాలులో నారింజ తల కనపడితే చాలు, యర్రయ్య ఇల్లు లేస్తోందనుకునేవారు.

ఎరుకమ్మ పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఆమె కుట్టిన ఆఖరి బొమ్మ ఇప్పుడు వాళ్ల సొంత ఇంటి మీదే ఉంది. జంగ్లీఘాట్ వాలులో ఆ ఇంటికి కింద రెండు గదులు ఎప్పుడో అయ్యాయి. మేడ మీద సముద్రం వైపు ఒక గది వేసుకుందామని స్తంభాలకు ఊచలు వదిలారు, మూడు గోడలు సగం లేపారు, బొమ్మను కట్టారు, ఆగిపోయారు. అంతకుముందు అన్నేళ్లూ, ఊళ్లో వాళ్ల ఇళ్లు ముందు అవనీ, మనది ఎక్కడికి పోతుందిలే అనుకుంటూ వచ్చారు. ఊచల కొసలకు బోర్లించిన నీళ్లసీసాలు ఎండకు పసుపుపచ్చగా మారాయి.

"ఇల్లయ్యేదాకా దాన్ని ఎవులూ ముట్టుకోకండి. దింపేది నానే," అంటూండేది ఎరుకమ్మ. జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన మనిషి మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

యర్రయ్య తండ్రి సోంపేట పక్క పల్లె నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి చాతంలో రంపపు మిల్లు దగ్గర దుంగలు దొర్లించాడు. యర్రయ్య ఇక్కడే పుట్టాడు. చెక్క ఇళ్ల కాలంలో వడ్రంగం నేర్చాడు, సిమెంటు కాలం వచ్చాక మేస్త్రి అయ్యాడు. అతను కట్టిన ఇళ్లలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఎవరైనా ఇల్లు కట్టిపెట్టమని పిలిస్తే మొదటిరోజు కొలతటేపు బయటికి తీసేవాడు కాదు. వాళ్లు అప్పుడుంటున్న ఇంట్లోనే కూర్చుని టీ తాగి, ఎవరు చెప్పులు ఎక్కడ విడుస్తున్నారో, వాన మొదలైతే ఎవరు లేచి ఏ కిటికీ మూస్తున్నారో చూసి వచ్చేవాడు. వేటకెళ్లేవాడికి వల ఆరేసుకునేంత వసారా పెట్టేవాడు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఉంటే కొండవాలులో కూడా మెట్టు లేకుండా దారి తీసేవాడు.

ఇప్పుడు అలా పిలిచేవాళ్లు తగ్గిపోయారు. మెయిన్‌లాండ్ నుంచి ఒక కంపెనీ వచ్చి బజారులో ఆఫీసు తెరిచింది. పెద్ద తెర మీద, ఇంకా కట్టని ఇంట్లో మనుషులను నడిపిస్తారట. యర్రయ్యతో మాట్లాడి వెళ్లిన రెండు కుటుంబాలు ఆ ఆఫీసు మెట్లెక్కి ఇక తిరిగి రాలేదు. కుర్రతనం నుంచి అతని దగ్గరే ఉన్న అసిరయ్య, జోగులు రోజూ ఉదయం వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. ఇంకో ఇల్లు చేతికి రాకపోతే వాళ్లను కూర్చోమని చెప్పే హక్కు తనకు లేదని యర్రయ్యకు తెలుసు. వాళ్లు వెళ్లిపోతే అతను మేస్త్రి కాడు. తాపీ పట్టుకున్న ముసలివాడు, అంతే.

ఆ ఇంకో ఇల్లు గోపినాథ్‌ది. అతనికి అబర్డీన్ బజార్‌లో పడవ ఇంజిన్ల సామాన్ల కొట్టుంది. ఇప్పుడుంటున్న ఇల్లు అతని తండ్రి బతికుండగా యర్రయ్య కట్టిందే. చుట్టూ మేడలు లేచి గాలి ఆడడం లేదని, తల్లి కామేశ్వరమ్మకు ఓడలు కనపడేలా రేవు అవతల హోప్ టౌన్‌లో కొత్తిల్లు కట్టాలని అతని ఆలోచన.

"యర్రయ్య భయ్యా, నాకు నీ మీద డౌట్ లేదు," అన్నాడు గోపినాథ్ కొట్లో స్టూలు జరుపుతూ. "కానీ మా ఆవిడ శ్రీలక్ష్మి ఆ కంపెనీ ఆఫీసుకెళ్లి వచ్చింది. వంటింట్లో అటూ ఇటూ తిరిగి వచ్చిందంట."

"కట్టని వంటింట్లోనా?"

"అదే కదా మరి! పుస్తకం ఇచ్చారు, సంచి ఇచ్చారు, పెన్ను ఇచ్చారు. నువ్వేటిచ్చావు? నీ ఫోన్ నంబరు కూడా మా నాన్న బొగ్గుతో గోడ మీద రాసుకున్నదే."

"నంబరు మారలేదు కదేటి."

గోపినాథ్ పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక గొంతు తగ్గించాడు. "ఒక పేరు పెట్టుకో భయ్యా. ఒక బోర్డు, ఒక లోగో, ఏదో ఒకటి. ఇంట్లో ముందర పెట్టి మాట్లాడ్డానికి నాకేదైనా ఉండాలి కదా. ఆఖరి మాట అమ్మది. అమ్మకి నువ్వంటే గురే. మధ్యలో శ్రీలక్ష్మి నోరు మూయించేది నాకు కావాలి."

అసిరయ్యకూ జోగులుకూ ఆ సాయంత్రం యర్రయ్య ఒక్క ముక్కే చెప్పాడు. "హోప్ టౌన్ పని వచ్చేలాగుంది. ఇంకెక్కడా మాటివ్వకండి."

కావేరి ఎరుకమ్మ తమ్ముడి కూతురు. చెన్నైలో హాస్టల్లో ఉండి డిజైన్ చదువుకుని వచ్చి, గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద ఫ్లెక్సుల కొట్టు పెట్టుకుంది. పుట్టినరోజు ఫ్లెక్సుల్లో నాయకుల మొహాలు తెల్లగా చెయ్యడం తప్ప చదివిన చదువుకు పని దొరకలేదు. మావయ్య వచ్చి లోగో అనేసరికి కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టింది. డబ్బు ఊసెత్తనివ్వలేదు.

"లోగో అంటే ఉత్త బొమ్మ కాదు మావయ్యా. బ్రాండ్ ఐడెంటిటీ అంటారు. నువ్వెవరో అది చెప్పాలి. బోలో, నీ ఇల్లు అందరి ఇళ్లకన్నా ఎలా అలగ్?"

యర్రయ్య ఆలోచించాడు. "కారదు."

"అందరూ అదే చెప్తారు."

"అందరివీ కారతాయి."

కావేరి నుదురు కొట్టుకుంది. "సరే. ఎప్పుడైనా ఎవరికైనా కట్టనని చెప్పావా?"

"ఒకడికి సెప్పాను. వంటిల్లు వద్దన్నాడు. రోజూ హోటల్నించి తెచ్చుకుంటానన్నాడు."

"కట్టొచ్చు కదా, వాడిష్టం."

"తుపానొచ్చి ఓడలాగిపోయిన వారం ఏటి తింటాడు?"

కావేరి అది రాసుకుంది. ఇంకా చాలా అడిగింది. ఎలాంటివాళ్లకు కట్టడం ఇష్టం, ఏ రంగు చూస్తే తన పని గుర్తొస్తుంది, తన ఇల్లు మనిషయితే ఎలా మాట్లాడుతుంది. ఇల్లు మాట్లాడడమేమిటో యర్రయ్యకు తెలియలేదు. మాట్లాడకుండా ఉంటేనే మంచి ఇల్లు అన్నాడు. చివరికి కావేరి, "పద, మీ ఇంటికెళ్దాం, అక్కడ చూస్తేగాని రాదు నాకు," అని లేచింది.

జంగ్లీఘాట్‌లో బస్సు దిగి తలెత్తి చూసిందో లేదో రోడ్డు మధ్యలో ఆగిపోయింది. మేడ మీద నారింజ తల, ఒక పక్కకి తిప్పిన మూతి.

"మావయ్యా, ఇది అత్త బొమ్మ కదా."

అక్కడే నిలబడి ఫోటో తీసింది. ఇల్లు కనపడకుండా ఉత్త తల మాత్రమే తీసి, ఫోన్లో ఉన్న ఊరివాళ్లందరికీ పంపింది. ఇదేమిటో చెప్పండి అని. ఇద్దరూ మెట్లెక్కేలోగా జవాబులు వచ్చాయి. తెలుగువాళ్లు, బెంగాలీవాళ్లు, రాంచీవాళ్లు, అందరూ ఒకటే రాశారు. యర్రయ్య మేస్త్రి ఇల్లు.

"చూశావా? ఆ కంపెనీవాళ్లు ఇలాంటి గుర్తింపు కోసం కోట్లు పోస్తారు. నీకు ఎప్పట్నించో లోగో ఉంది. నీకే మాలూమ్ లేదు."

యర్రయ్య నవ్వాడు. ఎరుకమ్మ మాట ఎవరైనా ఎత్తి చాలా రోజులైంది.

వారం తిరిగాక కొట్టుకు పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది. నారింజ గుండ్రం. అందులో వంకరగా ఒకే గీత, అది మూతి. కింద మడిచిన గీత, నడుమ్మీద చెయ్యి. అంతే. అంతలోనే ఎరుకమ్మ చెయ్యి ఉంది. ఆ గుండ్రం కింద 'యర్రయ్య ఇళ్లు' అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. దాని కింద చిన్న అక్షరాల్లో, 'ముందు టీ తాగుతాం, తరవాత కొలుస్తాం.' కావేరి ఒక్కొక్కటే జరిపి చూపించింది. కార్డు. పనివాళ్ల చొక్కాల వీపు. సిమెంటు మోసే వ్యాను తలుపు. ఆఖరికి అరచేతంత ఇత్తడి రేకు, దాని మీద చెక్కిన అదే మూతి.

"ఇది గేటుకి," అంది.

"గేటుకా?"

"నువ్వు కట్టిన ప్రతి ఇంటి గేటుకీ. పనయ్యాక సెంట్రింగ్ చెక్కలు తీసేసినట్టే బొమ్మనీ తీసేస్తారు కదా, తరవాత అది నీ ఇల్లని ఎవరికి తెలుస్తుంది? ఈ ప్లేటుంటే హమేషాకి తెలుస్తుంది. పాతిళ్లకి కూడా పెడదాం. ఊరంతా అత్త బొమ్మే."

బొమ్మ ఎక్కడం ఊరంతా చూస్తుంది. దింపడం ఇంటివాళ్లు కూడా చూడకూడదు. కావేరి చూస్తూ పెరిగింది ఎక్కిన బొమ్మలనే. దింపడం చెక్కలు తియ్యడంలాంటిది కాదని ఆమెకు చెప్పాల్సినవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు. బొమ్మ ఉన్నంతకాలం ఆ ఇల్లు ఇంకా ఇల్లు కాదనీ, గృహప్రవేశం తరవాత కూడా బొమ్మ ఉంటే ఆ గడపలో ఏదీ పూర్తికాదనీ అతనికి తెలుసు.

ఆ మాట నోటిదాకా వచ్చింది. అతను తెర మీద మూతివైపు చూస్తూ ఉండిపోయాడు. ఎరుకమ్మ కుట్టిన ఒళ్లన్నీ ఎరుకమ్మే కాల్చేసింది. ఇన్ని ఇళ్లలో ఎక్కడా ఆమె చేతిపని అంటూ ఒక దారప్పోగు మిగల్లేదు.

"బావుందా?" అంది కావేరి.

"బావుంది," అన్నాడు యర్రయ్య.

చొక్కాలు వచ్చిన రోజు అరుగు మీద పండగలా ఉంది. జోగులు వెంటనే తొడుక్కుని, నడుం మీద చెయ్యి పెట్టి, మూతి తిప్పి, "ఒరే అసిరిగా, ఇదేట్రా మాలు, పప్పుసారులాగుంది!" అని మేస్త్రి గొంతుతో అరిచాడు. యర్రయ్యకు కూడా నవ్వాగలేదు. అసిరయ్య కళ్లు తుడుచుకుంటూ పెట్టెలోంచి ఇత్తడి రేకు తీశాడు. తిప్పి చూశాడు.

"ఇదెక్కడికి మేస్త్రీ?"

"గేటుకి."

అసిరయ్య నవ్వు ఆపాడు. "సొక్కా మీదైతే పనిలో ఉన్నట్టు. బండి మీదా అంతే. గేటు మీదైతే..."

"ఇత్తడి ముక్కరా అది. బొమ్మేటి?"

"ఇత్తడి ముక్కే అయితే పెట్టడం ఎందుకు మరి?"

యర్రయ్య అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. "నాకెందుకు సెప్తావు, కావేరికి సెప్పుకో," అన్నాడు. అసిరయ్య కావేరి దగ్గరకు వెళ్లి చెప్పేంతవాడు కాదని అతనికి తెలుసు.

గోపినాథ్ ఇంటికి కావేరి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. యర్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తను కట్టిన ముందుగదిలో చుట్టంలా సోఫా చివర కూర్చున్నాడు. కావేరి చక్కగా మాట్లాడింది. శ్రీలక్ష్మి మొదట చేతులు కట్టుకుని నిలబడింది, తరవాత కూర్చుంది, తరవాత కుర్చీ ముందుకు లాక్కుంది. వంటిల్లు లేని ఇంటి కథ విని గట్టిగా నవ్వింది.

"అరే వాహ్, భయ్యా! ఆ కంపెనీ పుస్తకంలో అందరూ తెల్లోళ్లే. సోఫాలో కూర్చుని నవ్వుతుంటారు. ఇది మన ఊరిదిలా ఉంది."

"చెప్పానా నీకు?" అన్నాడు గోపినాథ్, లోగో తనే గీసినట్టు.

కావేరి చివర్న సంచిలోంచి రేకు తీసింది. గోపినాథ్ పేరు కూడా చెక్కించి తెచ్చింది. గోపినాథ్ ముచ్చటపడి లేచాడు. "ఎలా ఉంటుందో చూద్దాం రండి," అని గేటు దగ్గరకు వెళ్లి, గచ్చుస్తంభానికి ఆనించి పట్టుకుని, వెనక్కి తిరిగి భార్యను అడిగాడు. "ఇంకొంచెం పైకా?"

అప్పుడే కామేశ్వరమ్మ పక్కింటి నుంచి కరివేపాకు రెమ్మలు పట్టుకుని వస్తోంది. తన ఇంటి గేటుకు కొడుకు ఏదో పెట్టి పట్టుకోవడం చూసి ఆగింది.

"ఏట్రా అది?"

"యర్రయ్య భయ్యా కంపెనీ గుర్తమ్మా."

ఆవిడ రేకును చేతిలోకి తీసుకుని దూరంగా పట్టి చూసింది. మొహం విచ్చుకుంది. "ఎరుకమ్మది కదూ! ఈ మూతి ఎక్కడున్నా పోల్చుకుంటాను." వేలితో ఆ గీతను తడిమింది. "మంచి పని సేశారు. దాని పేరు నిలబెట్టారు."

అక్కడితో ఆగిపోతే బావుణ్ణనుకున్నాడు యర్రయ్య.

"కొత్తింటి గేటుకి ఇదే, నాయనమ్మా," అంది కావేరి ఉత్సాహంగా. "గృహప్రవేశం రోజు పూజ అవగానే మావయ్య తన చేత్తో బిగిస్తాడు."

కామేశ్వరమ్మ వేలు ఆగింది.

"గృహప్రవేశం రోజా?"

శ్రీలక్ష్మి మొగుడి వైపు చూసింది. అతను స్తంభం వైపు చూశాడు.

"ఈ ఇంటికి," అంది కామేశ్వరమ్మ నెమ్మదిగా, "ఎరుకమ్మ సీకటితోనే వచ్చింది బొమ్మని దింపడానికి. నాకు తొందరెక్కువ. పాలగిన్నె అట్టుకుని ముందే వచ్చీసినాను. నన్ను సూసి బొమ్మని కొంగు కింద దాసీసింది. 'నువ్వు సూడకు కామేశ్వరమ్మా, సూస్తే ఇంకా పని మిగిలుందనుకుంటాది ఇల్లు' అంది. నాను వెనక్కెళ్లి సందు మొదట్లో నిలబడ్డాను, అది ఎల్లినదాకా."

కావేరి మొహంలో రంగు పోయింది. యర్రయ్య వైపు తిరిగింది. "మావయ్యా?"

"యర్రయ్యా," అంది కామేశ్వరమ్మ. "నీకు తెల్దేటి?"

మర్చిపోయాను అంటే సరిపోయేది. భార్య పోయిన ముసలివాళ్లు అంతకంటే పెద్దవే మరిచిపోతారు. అక్కడున్నవాళ్లందరూ ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నారు. గోపినాథ్ అయితే ఆ మాట తనే అందించేలా నోరు తెరిచాడు.

"తెలుసమ్మా," అన్నాడు యర్రయ్య.

కావేరి గబగబా అందుకుంది. "ప్లేటు వద్దు నాయనమ్మా. నాకు తెలీక పెట్టాను. తీసేస్తాం, బస్. కార్డు మీద, బండి మీద ఉంటే తప్పు లేదు కదా? మిగతాదంతా..."

"నిన్నేటీ అనను తల్లీ. తెలీనిదానివి." కామేశ్వరమ్మ గొంతులో కోపం లేదు. రేకును యర్రయ్య చేతిలో పెట్టి, అతని వేళ్లు దాని మీద మూసింది. "తెలిసినోడు పట్టుకొచ్చినాడు నా గుమ్మంలోకి. రేపు పునాదిలో ఏటి పోస్తావో, గోడలో ఏటి పెడతావో నాను సూడొస్తానా? నువ్వు తెలిసి తప్పు సెయ్యవనే కదా మా ఆయన నీసేత కట్టించింది."

యర్రయ్య తలూపాడు. ఆవిడ స్థానంలో తనున్నా అదే అనేవాడు.

"కూకో. టీ తాగి ఎల్లు," అంది కామేశ్వరమ్మ.

అతను కూర్చుని తాగాడు. శ్రీలక్ష్మి బిస్కెట్లు పెట్టింది. గోపినాథ్ వానల గురించి మాట్లాడాడు.

బయటికి వచ్చాక కావేరి సందు చివరిదాకా గబగబా ముందు నడిచింది. ఆటోస్టాండు దగ్గర ఆగింది. "ఒక్క మాట చెప్పుంటే ఆ ప్లేటు తీసేసేదాన్ని కదా మావయ్యా. ఒక్క మాట. నేను పాగల్‌లాగా పూజ అవగానే బిగిస్తాడు అని..." ఆమెకు ఏడుపొచ్చింది.

యర్రయ్య చేతిలో రేకు వేడెక్కి ఉంది. "ఇంకెక్కడ పెట్టను దాన్ని?" అన్నాడు.

కావేరికి అర్థమైందో లేదో. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

హోప్ టౌన్ పని కంపెనీకి వెళ్లింది. ముందు జోగులు వెళ్లాడు, చెప్పకుండా. అసిరయ్య మాత్రం వచ్చి, అరుగు మీద చాలాసేపు కూర్చుని, మోకాళ్లు రుద్దుకుని, "పిల్లదాని కాలేజీ మేస్త్రీ..." అన్నాడు. "ఎల్లరా," అన్నాడు యర్రయ్య. పోయేటప్పుడు అసిరయ్య నారింజ చొక్కా మడతపెట్టి అరుగు చివర ఉంచి వెళ్లాడు. కావేరి మళ్లీ పుట్టినరోజు ఫ్లెక్సుల్లో పడింది. కనపడితే పలకరిస్తుంది, ఇంటికి మాత్రం రాదు. వానలు మొదలయ్యాయి. యర్రయ్యకు అప్పుడప్పుడూ పాతిళ్లవాళ్లు ఫోన్ చేసి పైకప్పు రేకులు బిగించమంటారు. వెళ్లి బిగించి వస్తాడు. గేట్లవైపు చూడడు.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం అసిరయ్య వచ్చాడు. కంపెనీ నీలం చొక్కాలో ఉన్నాడు. లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"ఏట్రా?"

"ఆ కామేశ్వరమ్మగారు పంపింది మేస్త్రీ. నాను రానన్నాను."

"వచ్చినావు కదా, సెప్పు."

"హోప్ టౌన్‌లో గోడలు లేచాయి. కంపెనీవోళ్లు మెయిన్‌లాండ్ నించి అచ్చేసిన రాక్షసుడి బొమ్మ తెచ్చి కట్టారు. రెండు వానలకి తెల్లగా పోయింది, కోరలూ లేవు ఏటీ లేదు. ఆవిడ ఫెర్రీలో బాంబూఫ్లాట్ దాకా వచ్చి, అక్కణ్ణించి ఆటోలో వచ్చి, సూసి తీయించీసింది." అసిరయ్య పైకి చూడకుండా చెప్పాడు. "ఇల్లు కట్టినన్నాళ్లూ ఎరుకమ్మ తల ఉండాలంట. బొమ్మ ఉండాల్సిన చోట ఉంటే ఆవిడకేటీ పట్టింపు లేదంట. అడిగి తెమ్మంది."

యర్రయ్య మేడవైపు చూశాడు. గోనె చిరిగి పీచు వేలాడుతోంది. తల మాత్రం వానకు కడిగినట్టుంది.

"నాను సెప్పాను మేస్త్రీ," అన్నాడు అసిరయ్య. "మా మేస్త్రి ఇల్లింకా అవలేదమ్మా, అది దింపకూడదూ అని సెప్పాను. సెప్పినా వినదు. నాను పోయి, నువ్వు ఇవ్వనన్నావని సెప్పీ..."

"అయిపోయింది."

"ఏటి?"

"ఇల్లు. అయిపోయిందని సెప్పు."

యర్రయ్య అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

ముడి ఎరుకమ్మ వేసిందే. వానకూ ఎండకూ బిగిసి రాయిలా ఉంది. కోసెయ్యొచ్చు. కొయ్యకుండా గోళ్లతో, తరవాత మేకుతో విప్పాడు. ఇంటివాళ్లు చూడకూడదు. దింపేవాడూ ఇంటివాడూ ఒకడే అయితే ఏం చెయ్యాలో ఎరుకమ్మ ఎప్పుడూ చెప్పలేదు. కింద అసిరయ్య మొహం తిప్పుకుని సముద్రం వైపు నిలబడ్డాడు.

తల విడదీసి తువ్వాలుతో తుడిచి కిందికి తెచ్చి ఇచ్చాడు. అసిరయ్య రెండు చేతులా అందుకున్నాడు.

"ఒళ్లు మీరు కుట్టుకోండి," అన్నాడు యర్రయ్య. "పీచు బాగా కూరండి, లేకపోతే నడుం నిలబడదు."

"నిక్కరో?" అన్నాడు అసిరయ్య. నవ్వించాలని చూశాడు. "నీ నిక్కరు లేకపోతే ఆ బొమ్మకి ఆ రాజసం రాదు మేస్త్రీ."

యర్రయ్య లోపలికి వెళ్లి దండెం మీద ఆరేసిన ఖాకీ నిక్కరు తెచ్చి తల మీద వేశాడు. అసిరయ్య వాలు మెట్లు దిగి వెళ్లిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా నిక్కరు కింద నుంచి నారింజ రంగు కనిపిస్తూనే ఉంది.

గోనె ఒళ్లు తగలబెట్టడానికి తడిగా ఉంది. దాన్ని వసారాలో ఆరేశాడు. తరవాత పనిసంచిలోంచి రంపపు బ్లేడు తీసుకుని మళ్లీ మేడెక్కాడు. బొమ్మ లేకుండా ఊచలు నిలబడి ఉండడం అతనికి బాగా అనిపించలేదు. పై గది లేదనుకున్నాక వాటికి పనీ లేదు. సీసాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. స్తంభం మొదట్లో కాలితో నొక్కి పట్టి కొయ్యడం మొదలుపెట్టాడు. తుప్పు ఎర్రగా పాదం మీద రాలింది. మొదటి ఊచ తెగి గచ్చు మీద మోగుతూ పడింది.

ఆ చప్పుడుకు పక్కింటి బేబీరాణి పెరట్లోకి వచ్చి తలెత్తింది.

"ఏటి మావా, మేడ మొదలెట్టినారా?"

యర్రయ్య చెయ్యి ఊపాడు. ఔననో కాదనో ఆమెకు తెలియలేదు. బ్లేడు రెండో ఊచ మీద పెట్టాడు.